చుట్టరికం సరే చెల్లీ, సర్టిఫికెట్ల సంగతేంటి?

రా చెల్లీ, ఇలా కూర్చో. టీ చల్లారకముందే తాగు. నీ ముఖం చూస్తేనే తెలుస్తోందిలే, మళ్లీ ఏదో ఫారంలో 'స్థానికత' అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయినట్టుంది. పుట్టిల్లు దాచేపల్లి, అత్తిల్లు నేరేడుచర్ల. చిన్నవాడు పుట్టింది గుంటూరు ఆసుపత్రిలో. పెద్దదాన్ని ఇంటర్‌కి విజయవాడ పంపుదామని ఆయన పట్టు. ఇంతలో ఎవరో వచ్చి 'మీరు ఏ రాష్ట్రం?' అని అడిగితే మనం ఏమని రాయాలి? ఇదేదో నీ ఒక్కదాని తంటా అనుకోకు. మిర్యాలగూడ నుంచి మన ఊరి మీదుగా హుజూర్‌నగర్, కోదాడ దాకా ఏ వీధిలో తలుపు తట్టినా ఈ మాటే వినపడుతుంది.

మనదాకా ఎందుకు, పెద్ద పెద్దవాళ్లకే తప్పలేదు. 2020 జనవరిలో మన నేరేడుచర్ల మున్సిపల్ చైర్మన్ ఎన్నిక గుర్తుందా? రాజ్యసభ సభ్యుడు కేవీపీ రామచంద్రరావు ఓటు ఇక్కడ చెల్లుతుందా, అసలు ఆయన ఏ రాష్ట్రం లెక్కలోకి వస్తారు అని ఎంత రగడ అయింది! అంతటి మనిషికే ఆ ప్రశ్న ఎదురైతే, ఆధార్ కార్డులో పుట్టింటి అడ్రస్ మార్చుకోని మనకు ఎదురవడంలో వింతేముంది?

ఎలా వచ్చింది ఈ చిక్కు? తెలంగాణ, ఆంధ్ర వాళ్లం 1956 నవంబర్ 1న కలిశాం, 2014 జూన్ 2న విడిపోయాం. మధ్యలో దగ్గర దగ్గర 58 ఏళ్లు. 1967లో సాగర్ నీళ్లు ఎడమ కాల్వలో పారాక గుంటూరు వైపు రైతులు ఇటొచ్చి పొలాలు కొనుక్కున్నారు. మనవాళ్లు ఏరు దాటించి పిల్లనిచ్చారు, అటునుంచి పిల్లను తెచ్చుకున్నారు. రాష్ట్రం ఒకటే కదా, ఇక ఏ కాగితం ఎవరు దాచారు చెప్పు? విడిపోవడం మంచా, చెడా అన్న పంచాయితీ మాత్రం మన దగ్గర వద్దు. నీళ్లు, నిధులు, నియామకాల కోసం మన పిల్లలు ఎంత కొట్లాడారో, ఎందరు ప్రాణాలు తీసుకున్నారో మనం కళ్లారా చూశాం. అవతలివాళ్లకు రాజధాని పోయిందన్న బాధ ఉంది, అదీ నిజమే. అన్నదమ్ములు భాగాలు పంచుకున్న ఇంట్లో వాళ్లిద్దరూ బాగానే సర్దుకుంటారు, రాకపోకల దగ్గర ఇబ్బంది పడేది మాత్రం ఆడపిల్లే. అందుకే మనం మన సంగతి చూసుకుందాం.

ముందు పిల్లల చదువు. తల్లికి రాత్రి నిద్ర పట్టనిచ్చేది, పట్టనివ్వనిదీ అదే కదా. విభజన చట్టం ప్రకారం పదేళ్లు, అంటే 2024 జూన్ 2 దాకా, రెండు రాష్ట్రాల పిల్లలకూ కాలేజీ సీట్లలో పాత పద్ధతే నడిచింది. 15 శాతం సీట్లు ఎటువాళ్లైనా పోటీపడేలా ఉండేవి. ఆ గడువు అయిపోయింది. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం జీవో 33 ఇచ్చింది. ఎంబీబీఎస్, బీడీఎస్ సీటుకు లోకల్ అనిపించుకోవాలంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, ఈ నాలుగూ వరసగా తెలంగాణలోనే చదివి ఉండాలని దాని సారం. అప్పుడు తెలిసొచ్చింది మన ఊళ్లకు. తాతల కాలం నుంచి ఇక్కడే ఉంటున్నారు, ఓటు ఇక్కడే, పొలం ఇక్కడే. పిల్ల రెండేళ్లు విజయవాడ హాస్టల్లో ఉండి ఇంటర్ చదివినందుకు నాన్ లోకల్ అయిపోయింది! తల్లిదండ్రులు కోర్టులకెక్కారు. హైకోర్టు ఊరటనిచ్చింది. చివరికి 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఆ నిబంధన సరైనదేనని తేల్చేసింది. ఉద్యోగరీత్యా బయట ఉండాల్సి వచ్చిన కొందరు ప్రభుత్వోద్యోగుల పిల్లలకు మాత్రం మినహాయింపు ఉంది.

కాబట్టి చెల్లీ, ఇది నా మాటగా ఇంట్లో గట్టిగా చెప్పు. పిల్ల ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడే ఈ నిర్ణయం జరగాలి. పదో తరగతి రిజల్ట్ వచ్చాక, కాలేజీ ఏజెంట్ ఇంటికొచ్చి ఫీజులో రాయితీ అని ఊరించాక కాదు. డాక్టర్ చదువు మీద మనసుంటే ఇంటర్ ఇటువైపే కానివ్వు. మిర్యాలగూడలో లేవా కాలేజీలు, కోదాడలో లేవా, సూర్యాపేటలో లేవా? కోచింగ్ కోసం విజయవాడ పోవాల్సిందే అంటే ఇంటర్ పాసయ్యాక లాంగ్ టర్మ్‌కి పంపించు, దానివల్ల ఆ నాలుగేళ్ల లెక్క చెడదు. ఇంజినీరింగ్‌కీ ఇదే జాగ్రత్త. 2025లో వచ్చిన జీవోతో ఆ 15 శాతం సీట్లు కూడా తెలంగాణతో సంబంధం ఉన్నవాళ్లకే అయ్యాయి. బయట చదివిన పిల్లకు తల్లిదండ్రుల నివాసం ఆధారంగా అందులో అవకాశం ఉండొచ్చు. కానీ ఆ నివాసాన్ని రుజువు చేసే కాగితం మళ్లీ మనమే చూపించాలి.

ఉద్యోగాల లోకల్ లెక్క వేరు, రెంటినీ కలిపేసుకోకు. 2018లో వచ్చిన కొత్త రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి లోపు కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే అదే లోకల్. అంతకుముందు నాలుగు నుంచి పది దాకా చూసేవాళ్లు. పైగా 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయాయి కదా, మన నేరేడుచర్ల సూర్యాపేట జిల్లాకు వచ్చింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. జోన్ ఒకటే అయినా జిల్లా పోస్టు దగ్గరికొచ్చేసరికి లెక్క మారుతుంది. నర్సరీ నుంచి మిర్యాలగూడ స్కూలు బస్సెక్కే మన పిల్లలు పెద్దయ్యాక ఏ జిల్లా వాళ్లవుతారో ఎప్పుడైనా ఆలోచించామా?

దీనికి మందు చాలా చిన్నది, బోనఫైడ్. అరపేజీ కాగితం. పిల్ల పేరు, తండ్రి పేరు, ఏ క్లాసు నుంచి ఏ క్లాసు దాకా, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, అడ్మిషన్ నంబరు, కింద హెడ్మాస్టర్ సంతకం, గుండ్రటి స్టాంపు. స్కూలు మారిన ప్రతిసారీ టీసీతో పాటే అడిగి తీసుకో. 'తర్వాత చూద్దాం లెండి మేడం' అంటే కదలకు, ఆఫీసు రూములో అక్కడే కూర్చో. పదేళ్ల తర్వాత ఆ ప్రైవేటు స్కూలు మూతపడిందనుకో, ఆ రిజిస్టర్ ఏ బీరువాలో ఉందో వెతుక్కుంటూ ఎంఈవో ఆఫీసు మెట్లు ఎక్కీ దిగీ మోకాళ్లు అరిగిపోతాయి. తండ్రి పేరులో ఇంటిపేరు ముందుందా వెనకుందా, ఆధార్‌లోనూ టెన్త్ మెమోలోనూ ఒకేలా ఉందా అన్నది కూడా అక్కడే సరిచూసుకో.

ఇక మన సంగతికి వద్దాం. పెళ్లై ఇటొచ్చిన ఆడపిల్ల మొదటి ఏడాది ఏం చేస్తుంది? కొత్త కాపురం, పండగలు, నోములు, ఆ తర్వాత కడుపు, పుట్టింటికి పురుడు. కాగితాలు ఎవరికి గుర్తుంటాయి? బస్సెక్కినప్పుడు గుర్తొస్తాయి. 2023 డిసెంబర్ 9 నుంచి మన దగ్గర మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కానీ కండక్టర్ చూసేది కార్డులో తెలంగాణ అడ్రస్ ఉందా లేదా అని. ఇటు కాపురం చేస్తూ అటు అడ్రస్ ఉన్న ఆధార్ చూపిస్తే టికెట్ కొనాల్సిందే. పిడుగురాళ్ల వైపు వెళ్లే మన బస్సులోనైతే ఇంకో ముచ్చట. వాడపల్లి దాకా జీరో టికెట్, కృష్ణా బ్రిడ్జి దాటాక డబ్బులిచ్చే టికెట్. అవతల 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పేరుతో వాళ్లూ ఉచితం పెట్టారు, అది అక్కడి అడ్రస్ ఉన్నవాళ్లకు. అమ్మ మనింటికి వచ్చినప్పుడు ఇక్కడ టికెట్ కొంటుంది, మనం అమ్మింటికి పోయినప్పుడు అక్కడ మనం కొంటాం. పోనీలే, ఆ నాలుగు డబ్బులకేం గానీ, కార్డులో అడ్రస్ మాత్రం కాపురం ఉన్నచోటే ఉండాలి.

వరస చెప్తాను, గుర్తుపెట్టుకో. మొదట పెళ్లి రిజిస్ట్రేషన్. శుభలేఖ, పెళ్లి ఫొటోలు పెట్టెలో ఉన్నాయి కదా, వాటితో మ్యారేజ్ సర్టిఫికెట్ తెచ్చుకో. దాన్ని చూపించి ఆధార్‌లో అడ్రస్ మార్పించు. తర్వాత పుట్టింటి రేషన్ కార్డులోంచి పేరు తీయించి ఇక్కడ ఎక్కించుకో. మన జిల్లా తిరుమలగిరిలోనే 2025 జులై 14న కొత్త రేషన్ కార్డుల పంపిణీ మొదలైంది. అటు పేరు తీయించుకోని కోడళ్లు ఇటు దరఖాస్తు పెట్టుకుంటే ఏమవుతుంది? రెండుచోట్లా పేరుందని ఆగిపోతుంది. ఓటు కూడా మార్చుకో. రెండుచోట్లా ఉంచుకుందాం, పండక్కి పోయినప్పుడు అక్కడా వేద్దాం అనుకోకు, అది నేరం. కట్నం కింద వచ్చిన బండి అవతలి నంబర్‌తో ఉంటే ఏడాదిలోపు ఎన్‌వోసీ తెచ్చి ఇక్కడ రిజిస్టర్ చేయించమను. ఆయన 'ఎవరు అడుగుతారే' అంటారు, నువ్వు వినకు. కులం సర్టిఫికెట్ మాత్రం పెళ్లితో మారేది కాదు, అది పుట్టింటి నుంచే వస్తుంది. రిజర్వేషన్ రెండు రాష్ట్రాల్లోనూ వాడుకోవచ్చులే అనుకునేవాళ్లున్నారు. బిహార్, జార్ఖండ్ విడిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2021లో ఏదో ఒక్కచోటే అని చెప్పింది. కాబట్టి దరఖాస్తు పెట్టేముందే ఎటో తేల్చుకోవాలి.

నాన్న పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఎకరం అటువైపు ఉందన్నావు కదూ? దాన్ని తమ్ముడే చూసుకుంటున్నాడు, కౌలు డబ్బులు సంక్రాంతికి పంపిస్తున్నాడు, మంచిదే. తమ్ముడి మీద నమ్మకం ఉండాలి, రికార్డులో మన పేరు కూడా ఉండాలి. రెండూ కావాలి. అవతల 2020 డిసెంబర్‌లో భూముల రీసర్వే మొదలుపెట్టింది ఎక్కడో కాదు, మన కోదాడ దాటగానే వచ్చే జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులోనే. సర్వే వాళ్లు వచ్చినప్పుడు హద్దు చూపించే మనిషి లేకపోతే గట్టు ఎవరివైపు జరుగుతుందో చెప్పలేం. ఇటు చూస్తే భూముల రికార్డులకు ధరణి పోయి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది, ఇక్కడ పొలం ఉన్న అటువాళ్లకూ ఇదే అవస్థ. ఏడాదికోసారి, ఏ కార్తీకంలోనో, పుట్టింటికి వెళ్లినప్పుడు పొలం గట్టు మీద ఓసారి నడిచిరా. అక్కడి మీభూమి వెబ్‌సైట్‌లో నీ పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం చూసుకుని ప్రింటు తీసి దాచు. నాన్న పేరు మీదే ఉంటే ఆయన ఉండగానే నీ పేరుకు మార్పించమను. అడగడానికి మొహమాటమా? ఆయన పోయాక తహసీల్దార్ ఆఫీసులో అన్నదమ్ముల ఎదుట అడగడం అంతకంటే కష్టం.

ఆసుపత్రి సంగతి తలచుకుంటే నాకిప్పటికీ గుండె దడే. మనకు జబ్బు చేస్తే హైదరాబాద్ కంటే ముందు గుంటూరు, విజయవాడ గుర్తొస్తాయి, అలవాటు అలాంటిది. కరోనా అప్పుడు ఏమైంది? 2020 మార్చిలో హైదరాబాద్ హాస్టళ్ల నుంచి బయల్దేరిన అటు పిల్లలు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర రోడ్డు మీదే ఆగిపోయారు. 2021 మేలో అటునుంచి వచ్చే అంబులెన్సులను మన కోదాడ పక్కన రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర ఆపేశారు, హైకోర్టు జోక్యం చేసుకుంటే గానీ వదల్లేదు. ఆర్టీసీ బస్సులైతే లాక్‌డౌన్‌లో ఆగినవి, రెండు సంస్థలూ ఒప్పందం చేసుకున్న 2020 నవంబర్ 2 దాకా రాష్ట్రం దాటనే లేదు. బ్రిడ్జి ఇవతల కూతురు, అవతల తల్లి. పురుటికి పోలేని వాళ్లు, చావుకి అందుకోలేని వాళ్లు మన చుట్టూ ఎంతమందో.

అలాంటి రోజు మళ్లీ రాకూడదనే కోరుకుందాం, కానీ సిద్ధంగా ఉందాం. నెలల తరబడి వైద్యం జరుగుతున్నవాళ్లు ఇంట్లో ఉంటే ఇటువైపు ఒక డాక్టర్‌ని కూడా పరిచయం చేసుకో. సూర్యాపేట, నల్లగొండల్లో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి, వాటి ఆసుపత్రులను తేలిగ్గా తీసిపారేయకు. రిపోర్టులన్నీ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకో. ఆరోగ్యశ్రీ కార్డు తీసుకుని ఏరు దాటేముందు ఆ ఆసుపత్రికి ఫోన్ చేసి 'తెలంగాణ కార్డు నడుస్తుందా?' అని ఒక్క మాట అడుగు. మంచం మీద మనిషిని పెట్టుకుని కౌంటర్ దగ్గర ఆ మాట వినే పరిస్థితి తెచ్చుకోకూడదు.

దేశాలు విడిపోయినచోటా ఇదే కథ తెలుసా? బ్రిటన్ 2016 జూన్ 23న ఓటేసి, 2020 జనవరి 31న యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చింది. టీవీలో మనకు కనిపించింది పార్లమెంటులో అరుపులే. ఇళ్లలో జరిగింది వేరు. పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, ఎన్నో ఏళ్లుగా బ్రిటన్‌లోనే ఉంటున్న ఇటలీ ఆడపడుచులు, పోలండ్ కోడళ్లు 2021 జూన్ 30 లోపు 'మేం ఇక్కడే ఉంటున్నాం' అని దరఖాస్తు పెట్టుకుని రుజువు చూపించాల్సి వచ్చింది. పాత జీతం కాగితాలు, కరెంటు బిల్లులు దాచుకున్నవాళ్లు తేలిగ్గా గట్టెక్కారు. ఇంటిపట్టున ఉండి పిల్లల్ని పెంచిన ఆడవాళ్లకు మాత్రం తమ పేరు మీద చూపించడానికి పెద్దగా కాగితాలే ఉండవు కదా! చూశావా, అంత ధనిక దేశంలోనూ గీత గీస్తే ముందు తడబడేది ఇంటి ఇల్లాలే. అందుకే చెప్తున్నా, కరెంటు మీటరో గ్యాస్ కనెక్షనో బ్యాంకు పుస్తకమో, ఈ ఇంటి అడ్రస్‌తో ఏదో ఒకటి నీ పేరు మీద కూడా ఉండాలి.

కాగితాలతో పని అయిపోతే బాగానే ఉండేది. ఇంకోటి ఉంది, నోరు. 2023 నవంబర్ 30న, ఇక్కడ పోలింగ్ రోజు, సాగర్ డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. ఆ పూట ఎన్ని ఇళ్లలో కోడలి ముందు అన్నం పెడుతూ 'మీవాళ్లు చూశావా ఏం చేశారో' అనుంటారు? అటునుంచి వడ్ల లారీలు రాకుండా వాడపల్లి దగ్గర ఆపినప్పుడు, ఇక్కడ సన్నవడ్లకు 500 బోనస్ ఇచ్చినప్పుడు, అటువైపు మన ఆడపడుచును 'మీకేంలే' అని ఎంతమంది దెప్పారో? కృష్ణా బోర్డు తేల్చాల్సిన నీళ్ల లెక్క అన్నం కంచం ముందు తేలుతుందా? కోడలు 'వచ్చాడండీ' అంటే నవ్వడం, అత్త 'అచ్చిండు' అంటే అటువాళ్లు నవ్వడం, పిల్లలు చూస్తూనే ఉంటారు. వాళ్లకు అమ్మమ్మ ఊరు పరాయి ఊరు కాకూడదంటే మనం ఆ నవ్వు ఆపాలి. ఎవరైనా అంటే చిన్నగా, నవ్వుతూనే, 'అత్తయ్యా, నేనిప్పుడు మీదాన్ని, మా అమ్మ మాత్రం మా అమ్మే' అని చెప్పేసెయ్. ఒకసారి చెప్తే చాలు. జనవరిలో జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు అటువాళ్లూ ఇటువాళ్లూ ఒకే వరసలో నిలబడి మొక్కుకోవడంలేదా? అక్కడ ఎవరూ ఎవరి ఆధార్ అడగరు.

సరే, మాటలు చాలు. ఈ ఆదివారం బీరువా పైఅర దించు. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో ఫైలు. పిల్లల బోనఫైడ్లు, పుట్టిన సర్టిఫికెట్లు ఒకదాంట్లో. మీ ఇద్దరి ఆధార్, పెళ్లి సర్టిఫికెట్, రేషన్ కార్డు ఇంకోదాంట్లో. పొలం కాగితాలు వేరుగా. ఏది లేదో ఒక కాగితం మీద రాసుకుని సోమవారం మీసేవకు వెళ్లు. అన్నీ ఒక్కరోజులో అవ్వవు, నెలకు ఒకటి చొప్పున కానిచ్చినా వచ్చే అడ్మిషన్ల నాటికి నువ్వు నిశ్చింతగా ఉంటావు. రూల్స్ ఏటా మారుతున్నాయి కాబట్టి దరఖాస్తు పెట్టేముందు ఆ ఏడాది నోటిఫికేషన్ చదివించుకో. పనులన్నీ అయ్యాక అమ్మకు ఫోన్ చేసి పండక్కి వస్తున్నానని చెప్పు, మరదలికి చీర పట్టుకెళ్లడం మర్చిపోకు. మళ్లీ వాయిదా వేశావంటే మాత్రం నేనే వచ్చి బీరువా దించుతాను, చెప్తున్నా!